రికార్డు రూము కొత్తమ్మాయి

ఐదో తేదీ, సమ్మె నాలుగో రోజు

ప్రియమైన మీకు,

ముందుగా నా రాతకి క్షమించండి. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి, వరసలు గీత దిగి కిందికి జారిపోతాయి. ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ అత్తయ్య పక్కనే కూర్చుని "అడుగు, తిన్నాడేమో అడుగు" అని మోచేత్తో పొడుస్తూ ఉంటుంది. అప్పుడు నా నోట్లోంచి "ఊ" తప్ప ఇంకేమీ రాదు. అందుకని ఉత్తరం.

వీసా ఆఫీసువాళ్ళు సోమవారం నుంచి సమ్మెలో ఉన్నారు. నేను మీ దగ్గరికి రావడానికి పెట్టుకున్న దరఖాస్తు లోపల ఏ బీరువాలో ఉందో, అక్కడే ఉంది. నా వైద్య పరీక్ష కాగితం గడువు ఇరవయ్యో తేదీ. ఆలోపు మూడో కిటికీలో ముద్ర పడకపోతే కాగితం చెల్లదు. మళ్ళీ పరీక్ష, మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఎనిమిది నెలలు. మన పెళ్ళయ్యాక కలిసి ఉన్నది పంతొమ్మిది రోజులు. విడిగా ఉన్నది పద్నాలుగు నెలలు. వేళ్ళ మీద లెక్కపెట్టడం మానేశాను, వేళ్ళు చాలడం లేదు.

ఇప్పుడొక పొరపాటు చెబుతాను. తిట్టకండి.

సోమవారం అత్తయ్యకి ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి డ్యూటీ. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఆఫీసు గేటు ముందు పెద్ద టెంటు వేసి ఉంది. వరసగా కుర్చీలు, ముందు ఒక బల్ల, బల్ల మీద లావుపాటి పుస్తకం. అందరూ లైన్లో నిలబడి సంతకాలు పెడుతున్నారు. ఇన్నాళ్ళకి మాలాంటివాళ్ళ కోసం నీడ కూడా ఏర్పాటు చేశారే అని మురిసిపోయాను. టోకెన్ పుస్తకం అనుకుని నేనూ సంతకం పెట్టాను. అరవై మూడో నంబరు. కుర్చీలో కూర్చోగానే టీ ఇచ్చారు. ఎంత మంచి ఆఫీసు, అనవసరంగా తిట్టుకున్నాను కదా అనుకున్నాను. ఇంతలో ఒకాయన మైకు పట్టుకుని గట్టిగా ఏదో అన్నాడు. అందరూ పిడికిళ్ళు ఎత్తారు. నేనూ ఎత్తాను, బడిలో మంచినీళ్ళకి వెళ్ళడానికి చెయ్యెత్తినట్టు, సగం. అప్పుడు చూశాను వెనకాల బ్యానరు. అది సమ్మె చేసేవాళ్ళ హాజరు పుస్తకం!

సంతకాలు తీసుకుంటున్నావిడ ఎవరనుకున్నారు, మూడో కిటికీ ఆవిడే. ఎనిమిది నెలలుగా అద్దం కింది సందులోంచి ఆవిడ చెయ్యి, గడియారం మాత్రమే చూశాను. మొహం ఇదే మొదటిసారి.

"ఏ సెక్షనమ్మా నువ్వు? ఎప్పుడూ చూళ్ళేదే?" అంది.

నేను చేతిలోని టీ గ్లాసులోకి చూశాను.

"రికార్డు రూమా?"

నా తల నన్నడక్కుండానే ఊగింది.

"అదే అనుకున్నా. ఆ నేల కింద గదిలో పడేస్తే ఎవరికి ఎవరు తెలుస్తారు! రా, ఇలా కూర్చో."

మర్నాడు నిజం చెప్పేద్దామని వెళ్ళాను. నాకోసం పక్కన కుర్చీ ఆపి ఉంచింది. ఎలా చెప్పను? మింగలేక, కక్కలేక కూర్చున్నాను. ఇవాళ్టికి నాలుగు సంతకాలయ్యాయి. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్యండి. ఎవరి కంటనైనా పడితే సిగ్గుతో చస్తాను.

మీ
(ఎలా రాయాలో తెలీడం లేదు) భార్య


పదో తేదీ

ప్రియమైన మాట్లాడని చిలకకి,

నీ ఉత్తరం లిఫ్టు గోతిలో నిచ్చెన మీద నిలబడి చదివాను. నేను నవ్విన నవ్వుకి కింద ఉన్న మా మేస్త్రీ కేబుల్ తెగిందేమోనని బయటికి పరిగెత్తాడు. సగం పిడికిలి ఎత్తావా? ఆ సగం చెయ్యి చూడ్డానికి నేను ఆ టెంటులో ఉండాల్సింది.

కాల్చమన్నావు. కుదరదు. మా గదిలో అగ్గిపుల్ల గీసినా పైకప్పుకి ఉన్న అలారం మోగి నాలుగంతస్తులవాళ్ళూ మెట్లు దిగి వస్తారు. పనిముట్ల పెట్టెలో, స్పానర్ల కింద దాచాను. అక్కడ వెతికే ధైర్యం ఎవరికీ లేదు.

నవ్వు సంగతి అలా ఉంచు. రాత్రి పడుకుని ఆలోచిస్తే భయమేసింది. దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఉద్యోగుల పుస్తకంలో సంతకాలు పెడుతోందని పైవాళ్ళకి తెలిస్తే ఊరుకుంటారా? ఫైలు చించి చేతిలో పెడతారు. రేపే వెళ్ళి పొరపాటైందని చెప్పేసెయ్. అసలు ఆ సమ్మెవాళ్ళకేం పోయింది? నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంది. మధ్యలో నలిగేది మనం. వాళ్ళ నినాదాలు వాళ్ళనే అరుచుకోమను.

మన కోసం కంపెనీ ఇస్తానన్న ఇల్లు చూసొచ్చాను. తాళం నువ్వొచ్చాకే ఇస్తారట, కిటికీలోంచి తొంగి చూశాను. రెండు గదులు. గిన్నెలు కడిగే తొట్టి మరీ కిందికి ఉంది, నేను నడుం వంచాలి. నీకైతే సరిగ్గా సరిపోతుంది. అందుకని గిన్నెలు నువ్వే కడగాలని కాదు, ఊరికే చెప్పాను.

అమ్మకి నిజం చెప్పు. తిడితే తిట్టనీ.

నీ
లిఫ్టు మనిషి


పద్దెనిమిదో తేదీ, సమ్మె పదిహేడో రోజు

ప్రియమైన మీకు,

అక్షరాల సంగతి ఈసారి అసలు చూడకండి, ఒక్క ఊపున రాసేస్తున్నాను. ఏం జరిగిందో చెబుతాను.

మీ ఉత్తరం చదివాక చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మూడో కిటికీ ఆవిడే మాట్లాడింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడది తాత్కాలిక ఉద్యోగమేనట. ఒకటో కిటికీ ఆయన, రెండో కిటికీ ఆయన పదవీ విరమణ చేసి మూడేళ్ళయినా వాళ్ళ చోట ఎవర్నీ వెయ్యలేదు. మూడు కిటికీల పని ఒక్కతే చేస్తోంది. "రోజుకి నూటఎనభై మంది మొహాలు చూడాలి. అందుకే ఎవరి మొహమూ చూడను, కాగితమే చూస్తాను. లేకపోతే పొద్దుగూకదు" అంది. ఎనిమిది నెలలుగా ఆవిడ పొగరుబోతనుకున్నాను. ఇంకో మాట. సమ్మె రోజులకి వాళ్ళకి జీతం రాదట. మీరు తెలీక రాశారు.

ఇవాళ పొద్దున టెంటులో మీటింగు. మైకు పట్టుకునే గడ్డం గుమాస్తాని అందరూ మైకుగారు అంటారు. ఆయన ఎనిమిది డిమాండ్లూ చదివి, "ఇంకేమైనా కలపాలంటే సెక్షనుకి ఒకరు చెప్పండి. ఏదీ, రికార్డు రూము నుంచి మన కొత్తమ్మాయి!" అన్నాడు.

మైకు తెచ్చి నా మూతి దగ్గర పెట్టారు. లేచి పారిపోదామంటే చుట్టూ కుర్చీలు అడ్డం. చేతిలో సంచి, సంచిలో కాగితం, కాగితం మీద ఇరవయ్యో తేదీ. నాకు తెలిసిన డిమాండు అదొక్కటే.

"సమ్మె జరిగిన రోజులు... బయట ఎదురుచూసేవాళ్ళ కాగితాల గడువులో లెక్క వెయ్యకూడదండీ" అన్నాను.

నా గొంతు మైకులో అంత పెద్దగా వినిపిస్తుందని నాకు తెలీదు. ఎవరో మాట్లాడుతున్నారని వెనక్కి చూశాను కూడా.

వెనక వరసలోంచి ఒకాయన "మన సమ్మెలో వాళ్ళ గోలెందుకమ్మా?" అన్నాడు.

"వాళ్ళ గోల కాదండీ, నాది. నేను మీ మనిషిని కాను. నాకు రికార్డు రూము ఎటుందో కూడా తెలీదు. నేను మూడో కిటికీ లైన్లో మనిషిని."

మూడో కిటికీ ఆవిడ నా వైపు గుడ్లప్పగించి చూసింది.

"మరి పదిహేడు రోజులు సంతకం పెట్టావే!"

"టోకెన్ పుస్తకం అనుకున్నానండీ."

"మొదటిరోజు అనుకున్నావు. తర్వాతో?"

"తర్వాత... మీరు కుర్చీ ఆపి ఉంచారని..."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత టెంటు టెంటంతా పగలబడి నవ్వింది. మైకుగారు మైకు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "మన యూనియనులో సగంమంది రోజు విడిచి రోజు వస్తున్నారయ్యా! ఈ అమ్మాయిని చూసి బుద్ధి తెచ్చుకోండి, ఒక్కరోజు మానలేదు!"

మూడో కిటికీ ఆవిడ మాత్రం నవ్వలేదు. నా సంచిలోంచి కాగితం తీసి తేదీ చూసింది. చాలాసేపు చూసింది. ఈసారి కాగితం చూశాక మొహం కూడా చూసింది.

"మనం తలుపు మూస్తే బయట గడియారం ఆగదు కదండీ. తొమ్మిదోది రాయండి" అంది మైకుగారితో.

రాశారు. అత్తయ్యకి సాయంత్రం అంతా చెప్పాను. నుదురు కొట్టుకుంది. "నా కోడలు మైకులో మాట్లాడిందంటే, నేను ఆకాశవాణిలో పాడినట్టే" అని నవ్వింది. తర్వాత వీధిలో అందరికీ చెప్పొచ్చింది.

కానీ సర్కారు ఇంకా వాళ్ళని చర్చలకే పిలవలేదు. గడువు ఎల్లుండి. ఏం జరుగుతుందో తెలీదు. రాస్తే చెడు జరుగుతుందేమోనని ఇంతకంటే రాయడం లేదు.

దీన్ని కాల్చడం కుదరకపోతే కనీసం నీళ్ళలోనైనా నానబెట్టండి.

మీ
భార్య


ఇరవై మూడో తేదీ

నా చిలకా,

మీ సమ్మెవాళ్ళని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడకి చెప్పకు, నా తరఫున ఒక టీ మాత్రం ఇప్పించు.

ఇరవయ్యో తేదీ దాటిపోయింది. ఆ రోజంతా ఫోను జేబులో పెట్టుకుని పని చేశాను. మోగలేదు. అమ్మ నిన్న చేసి "ఇంకా టెంటులోనే ఉంటోందిరా" అని మాత్రం చెప్పింది. అర్థమైంది.

బాధపడకు. పోయినవారం ఇక్కడ ఒక పెద్దావిడ ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయింది. బాగుచెయ్యడానికి గంటన్నర పట్టింది. "ఎప్పుడు తెరుస్తావు నాయనా" అని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. "నువ్వు వెళ్ళిపోకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అంది. నేను నీ గురించి చెప్పాను. సగం పిడికిలి గురించి కూడా చెప్పాను. బయటికొచ్చాక "ఆ పిల్ల వచ్చాక మా ఇంటికి తీసుకురా" అంది.

ఎనిమిది నెలలైతే ఎనిమిది నెలలు. మాట్లాడుతూ ఉంటాను. మళ్ళీ పరీక్ష చేయించుకో, మళ్ళీ దరఖాస్తు పెట్టు. ఆ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు. ఒక్కటే నిజం చెబుతున్నాను, ధైర్యం చెప్పడానికి కూర్చున్నాను గానీ ఈ కాగితం రాయడానికి నాలుగుసార్లు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను.

నీ
లిఫ్టు మనిషి


ఒకటో తేదీ, సమ్మె లేదు

ప్రియమైన మీకు,

కూర్చుని చదవండి. నిచ్చెన మీద వద్దు.

సమ్మె ముగిసింది. సోమవారం మధ్యాహ్నం, ఇరవైతొమ్మిదో రోజున చర్చలకి పిలిచారు. మైకుగారు వచ్చి చెప్పిందే రాస్తున్నాను. మొదటి డిమాండు దగ్గరే గంటన్నర వాదన. రెండోదానికి సర్కారు తరఫు పెద్దసారు కుర్చీలోంచి లేచిపోబోయారు. కాగితం తిరగేస్తే తొమ్మిదోది కనిపించింది. "దీనికెంత ఖర్చవుతుంది?" అని అడిగారట. "ఏమీ అవదండీ" అన్నారు వీళ్ళు. "అయితే ముందు ఇది రాసుకోండి!" అని అక్కడే సంతకం పెట్టేశారు. ఒక్కసారి కలం మూత తీశాక మళ్ళీ పెట్టడం కష్టమేమో, సాయంత్రానికి మిగిలినవాటిలో ఐదింటికి ఒప్పుకున్నారు. ఒకటో కిటికీ, రెండో కిటికీ తెరుస్తారు. మూడో కిటికీ ఆవిడ ఉద్యోగం వచ్చే ఏడాదికి పర్మనెంటు.

నా కాగితానికి ఇరవైతొమ్మిది రోజులు కలిశాయి!

ఇవాళ పొద్దున మామూలుగానే లైన్లో నిలబడ్డాను. ముందుకి రమ్మని ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్ళలేదు. నా వంతు వచ్చింది. అద్దం అవతల్నుంచి ఎప్పటిలాగే "తర్వాతెవరు" అని విసురుగా అంది. కాగితం తీసుకుంది. గడువు పక్కన కొత్త తేదీ వేసి, ముద్ర దబ్బున కొట్టింది. బల్ల అదిరింది. వీసా కాగితం సందులోంచి ఇవతలికి తోసింది. అప్పుడు తల దించి ఆ సందులోంచి నన్ను చూసింది. "రికార్డు రూములో మళ్ళీ మనిషి తక్కువైపోయిందే!" అంది. ఇద్దరం నవ్వాం. వెనకాయన "అమ్మా, సరసాలు తర్వాత" అని విసుక్కున్నాడు. మీ టీ బాకీ తీర్చేశాను.

అసలు సంగతి ఇది. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాను. పక్కన ఇద్దరు మగవాళ్ళు. ఒకాయన చేతిలోనూ కొత్త తేదీ పడ్డ కాగితమే.

"నాలుగొందలమంది కాగితాలు రద్దవకుండా మిగిలాయట. ఈ గడువు సంగతి ఎవరు పెట్టించారో తెలుసా? ఎవరో పెద్ద లాయరు. పై కోర్టులో చేస్తాడట" అంటున్నాడు.

రెండో ఆయన "మరే. మామూలు బుర్రకి తడుతుందా అలాంటి మాట" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక సిగ్గు వల్ల కాకుండా నోరు మూసుకున్నది ఇదే మొదటిసారి. ఊరికే కూర్చుని వినాలనిపించింది. బస్సు వెళ్ళిపోయినా కూర్చున్నాను.

అత్తయ్య అప్పుడే నా సామాను కడుతోంది. "మంచమంతా నాదే, హాయిగా అడ్డంగా పడుకుంటా" అంటోంది. అంటూనే మీకు మూడు కొత్త చొక్కాలు పెట్టింది. వచ్చే శీతాకాలం సెలవు పెట్టి తనూ చూడ్డానికి వస్తుందట. ఆ దరఖాస్తు మాత్రం నన్నే నింపమంది. "నీకు ఆఫీసులో మనుషులున్నారు" అంది.

టికెట్టు పదకొండో తేదీ, శుక్రవారం. ఇది మీకు చేరేసరికి ఐదు రోజులే ఉంటాయి.

మీకు ఈ ఉత్తరాల్లో ఏమేం రాశానో తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. శుక్రవారంలోపు అన్నీ ఎలాగైనా కాల్చెయ్యండి. మీరు నా ఎదురుగా పైకి చదివారంటే, ఆ రెండు గదుల్లో దాక్కోవడానికి నాకు చోటు చాలదు.

మీ
భార్య