తలుపు చాటున విన్నది

మార్చి 3, మంగళవారం

హెల్త్ సెంటర్ నర్సమ్మ వచ్చింది. పసిపిల్లల తల్లుల్ని ఎనిమిది మందిని మన ప్రార్థన హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారట. ఫోకస్ గ్రూప్ అంటారట. జ్వరం వచ్చిన పిల్లల్ని ఎందుకు ఆలస్యంగా తెస్తున్నారో వాళ్ల నోటే వినాలట. మీరు పిలిస్తే వస్తారు, మీరు మాత్రం లోపల ఉండకూడదు అయ్యగారూ అంది. గ్రంథం చంకలో పెట్టుకుని తలూపాను. ఐదో తరగతి దాటకుండానే బోధకుడినైన నాకు ఆ గ్రంథమే బడి, ఆ హాలే ఇల్లు. అందులో నాకే చోటు లేదట.

మార్చి 6, పగలు 11 గంటలు

లోపలి మాట బయటికి పోకూడదని నర్సమ్మ ముందే అందరిచేతా ఒప్పించింది. నేను పక్క గదిలో మైకు వైరు చుడుతున్నాను. చుట్టడం ఎప్పుడో అయిపోయింది. వింటున్నాను.

కుట్టుపని చేసే ఆమె గొంతు. పాపకు మూడు రోజులు జ్వరం కాసిందట. ఆస్పత్రికి పరుగెత్తేవాళ్లది అరకొర విశ్వాసమని అయ్యగారు ఆ ఆదివారమే అన్నారు, నలుగురిలో తలెత్తుకోలేనని ఆగిపోయాను అంది. నాలుగో రోజు తీసుకెళ్లింది. పాప బతికింది. చెవులు పోయాయి.

అయ్యగారికి పన్ను సలిపినప్పుడు డాక్టరు దగ్గరికి ఎంత విశ్వాసంగా పరుగెత్తారో చూశాంగా అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

నాకు గుచ్చుకున్నది ఆ నవ్వు. పాప చెవులు కాదు.

మార్చి 8, ఆదివారం

చాటున సణిగే నాలుకల మీద గంటంపావు నిప్పులు కురిపించాను. పేరు ఎత్తలేదు. సూది, దారం అన్నాను. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పాపను చంకనేసుకుని బయటికి నడిచింది.

మార్చి 13

రెండో విడత. ఎనిమిది కుర్చీలు. ఒక్కరూ రాలేదు. నర్సమ్మ రికార్డర్ సంచిలో పెట్టుకుంటూ, పగలు పనికి పోయే తల్లుల కోసం సాయంత్రం క్లినిక్ కావాలని పైవాళ్లను అడగడానికి వీళ్ల మాటలే మాకున్న ఆధారం అయ్యగారూ, ఇక నోరు విప్పరు అంది. గొంతు కూడా పెంచలేదు.

మార్చి 15, ఆదివారం

తలుపు చాటున విన్నాను, విన్నదాన్ని ఇక్కడ నిలబడి ఆమె మీదికే విసిరాను, పిల్లలకు జ్వరమొస్తే ముందు ఆస్పత్రికి వెళ్లండి. అంతే చెప్పి వేదిక దిగాను. రెండు నిమిషాలు పట్టలేదు. గ్రంథం తెరవలేదు.

మార్చి 16

ఆమె కుట్టుమిషను దగ్గర నిలబడి, తప్పయిందమ్మా అన్నాను. తొక్కే కాలు ఆపలేదు. నాకెందుకండీ, దానికి చెప్పండి, వినపడితే అంది.

మార్చి 20

మూడో విడత. తాళంచెవి నర్సమ్మకిచ్చి, హాల్లో మాట వినపడనంత దూరాన, వీధి చివర అరుగు మీద కూర్చున్నాను. నలుగురు వెళ్లారు. ఐదో మనిషి ఆమె. పిల్లలు లోపలుంటే రికార్డింగ్ కుదరదట, చూస్తుండండి అని పాపను నా పక్కన దింపి వెళ్లింది.

పాప నా పెదవుల వైపే చూస్తూ కూర్చుంది. కదపలేకపోయాను.