నిమ్మకాయల మీదికి తోసిన కారు

విజయదశమి, 1974
భవానీపురం

ఇవాళ మా ఇంట్లో చేసినంత సిగ్గుమాలిన పని ఊళ్ళో ఇంకెవరూ చేసి ఉండరు. నాన్నగారి రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కడిగారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తీరా తొక్కించబోతే ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ధర మండిపోయినప్పటి నుంచి అది షెడ్డు దాటలేదు. అన్నయ్యా బాబాయీ వెనక నుంచి తోసి నిమ్మకాయలు నలిపించారు. పైగా హారతి ఒకటి!

నాకు ఒళ్ళు మండింది. "ఇంజను తీయించి కరెంటు మోటారు, లారీ బ్యాటరీలు పెట్టిస్తాను. మన మరమగ్గాల మోటార్లు బాగుచేసే సుబ్బయ్యగారు చేసిపెడతానన్నారు" అన్నాను.

"నాన్నగారి కారు గొంతు నొక్కేస్తావా ఏంటే?" అన్నాడు అన్నయ్య.

"ఆ గొంతు నువ్వు విని ఎన్నాళ్ళయింది?" అన్నాను.

బ్యాటరీలు ఒకసారి చార్జి చేస్తే గన్నవరం దాకా పోతుందన్నారు గానీ, తిరిగొస్తుందని సుబ్బయ్యగారు మాటివ్వలేదు. అది నేనెవరికీ చెప్పలేదు. నా అసలు బెంగ వేరు. వీధి మలుపులో ఆ ఇంజను శబ్దం వినగానే అమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేది. నాన్నగారు పోయాక నేను నడిపినప్పుడూ అంతే. ఇక శబ్దమే లేకపోతే...

ఉండబట్టలేక అమ్మనే అడిగేశాను. నలిగిన నిమ్మకాయలు చీపురుతో ఊడుస్తూ, తలెత్తకుండానే అంది: "నేను వాకిట్లో కూర్చుంటాలేవే. ముందు దాన్ని వీధిలోకి రానీ."