నూట ఇరవై రెండు సెంటీమీటర్ల పునాది

కులియాపిటియ,
ఆగస్టు 9.

దూరవిద్యా సంస్థ పరీక్షల విభాగం సహాయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిర్మాణ కొలతలు, వ్యయ అంచనాల డిప్లొమా చివరి సంవత్సరం విద్యార్థిని హేరత్ ఇనోకా అసైన్‌మెంటుకు వేసిన సున్నాను పునఃపరిశీలించుట గురించి.

విశ్రాంత గణిత ఉపాధ్యాయిని హేరత్ యసవతి, వయసు డెబ్బై నాలుగు, వ్రాసుకొను అర్జీ. సదరు ఇనోకా నా మనుమరాలు; నన్ను ఆచ్చీ అని పిలుచును. సిమెంటు దిమ్మెల యార్డులో గుమస్తా. చదివేది బస్సులోను, భోజన విరామంలోను.

1. సదరు కోర్సు పూర్తి చేయుటకు గడువు ఏడు సంవత్సరములు. అది ఈ నెల 31తో ముగియును. గడువు దాటినచో ఆమె ఇంతవరకు ఉత్తీర్ణురాలైన పదకొండు సబ్జెక్టులూ రద్దగును. మిగిలినది ఈ ఒక్క అసైన్‌మెంటే.

2. ఒక సంవత్సరం పాఠ్యపుస్తకములు పరీక్ష అయిన పదహారవ రోజున చేరినవి. పోస్టు ముద్రతో ఉన్న కవరు నా వద్ద భద్రముగా ఉన్నది. మరొక సంవత్సరం వరదలకు పరీక్ష వాయిదా పడినది. వీటి మీద పోట్లాడుటకు నాకు ఓపిక లేదు. నమోదు కొరకు మాత్రమే వ్రాయుచున్నాను.

3. కట్టుబడిలో ఉన్న ఏదైనా ఇంటి పునాదికి ఎంత తవ్వకం, రాయి, సిమెంటు పట్టునో చూపే పని పరిమాణాల పట్టిక తయారు చేయవలెనని అసైన్‌మెంటు. మా వీధి చివర, వరిపొలం అంచున లేస్తున్న ఇంటిని ఆమె ఎంచుకున్నది. ప్లాను ప్రకారం పునాది లోతు 75 సెంటీమీటర్లు. వెనుక వైపు అంత తవ్వినా గట్టి నేల తగలలేదు. మేస్త్రీ గుణపాల 122 వరకు దించినాడు. ఆ రోజు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే.

"టీచరమ్మా, నా పని మీద నమ్మకం లేకనా టేపు తెచ్చారు?" అన్నాడు గుణపాల.

"నీకు ఎక్కాలు చెప్పినదాన్ని. నమ్మకం ఎలా ఉంటుందిరా?"

"ఆచ్చీ, గట్టు మీదే ఉండు! జారావంటే నిన్ను కూడా పట్టికలో ఎక్కించాలి" అని గోతిలోంచి ఇనోకా అరిచింది.

4. ఆమె 122 వేసి పంపినది. ప్లానులో లేని అంకె, కల్పితము అని సున్నా వచ్చినది. ఇద్దరమూ కురునేగలలోని తమ సంస్థ కేంద్రానికి వెళ్లితిమి. పేపర్లు దిద్దిన లెక్చరరు గారు తల ఎత్తకుండానే, "ప్లాను మీద స్కేలు పెట్టి కొలవమన్నాం గాని, గోతిలోకి దిగమన్నదెవరమ్మా? 75 వేసి మళ్లీ పంపు, పాసైపోతావు" అన్నారు.

5. ఇక్కడ నేను ఒప్పుకొనవలసినది ఒకటున్నది. ఆమె మొదట వ్రాసినది 75 అనే. "గోతిలో నిలబడి కళ్లారా చూసి, కాగితంలో ఉన్నది రాస్తావా?" అని కొట్టివేయించినది నేను. ముప్పై ఆరేళ్లు పిల్లల చేత తప్పులు కొట్టివేయించినాను. ఈసారి ఏది తప్పో నాకే తెలియుట లేదు. చూడని అంకె వేయమని ఆమెకు చెప్పలేను. వేయవద్దని చెప్పి ఏడేళ్లూ నీళ్లపాలు చేయలేను.

కావున ఆ సున్నాను నా పేరున వేసి, ఆమె పత్రమును మరల దిద్దించవలెనని, లేనిచో గడువును మూడు నెలలు పొడిగించవలెనని ప్రార్థన. అలసిపోయిన ముసలిదాని గోడుగా గాక, టేపు పట్టుకున్న సాక్షి వాంగ్మూలముగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హేరత్ యసవతి

తా.క.: కవరు అంటించబోతుంటే ఇనోకా లాక్కుని చదివింది. కోప్పడుతుందనుకున్నాను. "ఆ లెక్చరరు గారూ నువ్వూ ఒక్కటే ఆచ్చీ. ఇద్దరికీ ఒక్క అంకె చాలు" అని, తను కొత్తగా తయారు చేసిన పట్టిక నా ముందు పెట్టింది. ఒక గడిలో 75. పక్క గడిలో 122. మూడో గడిలో తేడా, దానికి కారణం, దానికి పట్టే రాయి, సిమెంటు. "ప్లానుకీ నేలకీ మధ్య తేడా కొలవడానికేగా మాలాంటి కొలతలవాళ్లని పెట్టుకునేది? ఆ తేడా లేకపోతే మాతో పనేముంది?" అంది.

గంటసేపు వెతికాను. ఒక్క కూడికలోనూ తప్పు దొరకలేదు. పట్టికను జతపరుస్తున్నాను. నేను రాసిన అయిదు అంశాలూ తమరు చదవకపోయినా పర్వాలేదు. ఇది చదవండి.