గింజ కాదు, పిక్క

రమణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ ఇకమీదట జీడి పరిశ్రమ మీదే పరిశోధన చేయాలని నిన్న మీటింగులో తీర్మానించారు. పదేళ్లు నీతో పోట్లాడి దాన్ని అడ్డుకున్నదీ నేనే, నిన్న ప్రతిపాదించిందీ నేనే. అయినా అందరూ రమణగారి ఆలోచనంటూ చప్పట్లు కొట్టారు. బతికున్నవాడికి ఒక్క చప్పట్టూ దక్కలేదు.

ఇవాళ సర్వే కాగితాలతో పలాస వెళ్లాను. జీడి ఫ్యాక్టరీలో పనిచేసే అప్పలమ్మను, "రోజుకు ఎన్ని కిలోల గింజలు కొడతారు?" అని అడిగాను. ఆమె నవ్వింది.

"గింజలేటి బాబూ? పిక్కలనాల. రమణ మాస్టారు మా పక్కన కూకొని కొట్టీవోరు. ఆయన రానేదేటి?"

ఫ్యాక్టరీ గుమ్మంలోనే నిలబడి, కాగితాలన్నిట్లో గింజ కొట్టేసి పిక్క అని రాశాను.

పోయాక కూడా నా కాగితాలు దిద్దుతున్నావు కదరా.