నెట్టులో అమ్మ చేతులు

మల్కాపురం,
10-9-2008.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సాయిదుర్గకు, నీ అన్నయ్య సూరన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ వదిన, పిల్లలు కులాసా. అమ్మ సంగతి కింద వివరంగా రాస్తాను. నువ్వూ, పసిదీ, బావా క్షేమమని తలుస్తాను.

ముందుగా నా మేనకోడలికి బోలెడు ముద్దులు. మస్కట్‌లో పుడితేనేం, అచ్చం మన అమ్మ గురువమ్మ మనవరాలే, ఆ బిగించిన పిడికిళ్ళు చూస్తేనే తెలిసిపోతోంది. కాన్పు సుఖంగా అయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను ఐస్ ఫ్యాక్టరీలో ఉన్నాను. సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చేశాను. పోయినసారి కడుపు నిలవకపోయేసరికి ఈసారి డాక్టర్లు నిన్ను మంచం దిగనివ్వలేదు, విమానం ఎక్కనివ్వలేదు. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోలేకపోయావని మీ వదిన ఇంకా సణుగుతూనే ఉంది. "బాలింతకి పత్యం ఎవులెడతారు? మీ బావకి ఉప్పుకీ పంచదారకీ తేడా తెల్దు," అంటోంది. వెల్లుల్లి కారం, ఎండు సొరచేప పార్సిల్ కట్టింది. వాసన వస్తుందని బావ ముక్కు మూసుకుంటే నామీద ఒట్టు, నువ్వు మాత్రం తిను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అమ్మని వానలో మార్కెట్టుకు పోనివ్వొద్దని రాశావు. పోవడం లేదు. పాపకి అమ్మ చేతిపేరు, అదే సైగతో పిలిచే పేరు, పెట్టిందా అని అడిగావు. ఇంకా పెట్టలేదు. పుట్టాక ఒక్క మాటా చెవిన పడని, ఒక్క మాటా పలకని మనిషి మనందరికీ ఎంత బాగా పేర్లు పెట్టుకుందో చూడు. నీకేమో గడ్డం సొట్ట మీద వేలు. నాకేమో ముక్కు చీదడం! ఎప్పుడో చిన్నప్పటి జలుబు, ఈ వయసొచ్చినా నన్ను వదలలేదు. నువ్వు ముద్దుల కూతురివి మరి.

ఇక, నెట్ లిమిట్ ఎప్పుడు తీస్తారని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. గోపాలపట్నంలో ఆ నెట్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి నేను పడ్డ గొడవ నీకు పూర్తిగా చెప్పనే లేదు.

సాయంత్రం మార్కెట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే అమ్మ కంప్యూటర్ ముందు కూర్చునేది కదా. అక్కడ నువ్వు కూరలు తరిగేదానివి, ఇక్కడ ఆవిడ చేపలు తోమేది. మాట్లాడుకునేది కొంచెం, చూసుకునేది ఎక్కువ. దానికే నెల సగం కాకుండానే లిమిట్ అయిపోయి స్పీడు చచ్చిపోయేది. మనలాంటివాళ్ళకైతే గొంతు వినిపిస్తే చాలు. అమ్మకి నీ వేళ్ళు ముక్కలుముక్కలుగా కనబడితే ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. నీకు కోపం వచ్చి చేతులు ఆపేశావనుకుని ఒకరోజు అన్నం కూడా తినలేదు. నాకు చిర్రెత్తుకొచ్చి ఆఫీసుకు వెళ్ళాను.

అక్కడ మేనేజరు శ్రీరామ్మూర్తి గారని ఉన్నాడు. "మీది హెవీ యూసేజ్ అండి. ఏటి డౌన్‌లోడ్ సేత్తన్నారు, సినిమాలా?" అన్నాడు.

"సినిమాల్లేవు, ఏటీ లేవు బాబూ. మాయమ్మ మా సెల్లితో మాటాడతంది."

"మాటాడ్డానికి ఫోన్ ఉంది కదండి."

"అన్‌లిమిటెడ్ అని మీరే కదేటి కాయితం మీద రాసిచ్చినారు?"

"అన్‌లిమిటెడ్ అంటే లైన్ కట్ అవదని అండి. ఒకలే లాగేత్తే మిగతా వీధికి రాదు. అందుకే లిమిట్ దాటితే స్పీడ్ తగ్గించేత్తాం. రూల్ అందరికీ ఒకటే. మాటాడనప్పుడు ఆపేసుకోండి."

మాట్లాడనప్పుడు ఆపేయాలట! ఆవిడకి చూడటమే వినడమని ఆయనకెలా చెప్పను? మర్నాడు అమ్మనే వెంటబెట్టుకెళ్ళాను. టేబులు ముందు నిలబడి చేతులు ఊపి కడిగి పారేసింది. "ఏటంతన్నారండి?" అని ఆయన అడిగాడు. "నా కూతురు నోరు కట్టేసింది నువ్వేనా అంటంది," అన్నాను. పాపం, మనిషి మంచివాడే. కాసేపు ఆ చేతులకేసి చూసి, "ఆఫీసులకిచ్చే ప్లాన్లోకి మార్చేత్తానండి. దానికి ఈ కోత లేదు," అన్నాడు.

దుర్గా, ఇది వేసవిలో జరిగిన సంగతి. ఆ రోజు నుంచీ మనింట్లో నెట్‌కి లిమిట్ అన్నదే లేదు. ఇన్ని నెలలుగా "మళ్ళీ లిమిటేనే, ఈ నెల కూడా వీడియో రాదే" అని నేను నీతో చెప్పిందంతా అబద్ధం. తిట్టుకో. కానీ చదవడం మాత్రం ఆపకు తల్లీ.

తొలకరి వానలప్పుడు, మార్కెట్టులో వంజరం చేప బేరమాడుతూ అమ్మ వేళ్ళు చూపించి ధర చెబుతోందట. చెబుతూ చెబుతూ ఉండగా కుడిచెయ్యి కిందికి జారిపోయింది. కొనేవాడు ధర తగ్గించిందనుకున్నాడట. మనిషే పక్కకి ఒరిగిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు. పక్షవాతం. కాలు కొంచెం తేరుకుంది, గోడ పట్టుకుని నడుస్తోంది. కుడిచెయ్యి మాత్రం లేవడం లేదు.

ఆస్పత్రిలో డాక్టరుగారు మొదట అడిగింది, "మాట ఉందా, పోయిందా?" అని. "పుట్టిన్నాటినుంచీ లేదు బాబూ," అన్నాను. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. బయటికొచ్చాక అర్థమైంది నాకు. అమ్మ మాట ఆ చేతిలోనే ఉండేది, అది అప్పుడే పోయింది; నేనేమో పుట్టిన్నాటినుంచీ లేదని చెప్పి వచ్చాను.

బావకి మర్నాడే చెప్పాను. కాన్పు అయ్యేదాకా ఆగమని బతిమాలాడు. అతన్ని ఏమీ అనకు. లిమిట్ అనే అబద్ధం మాత్రం పూర్తిగా నాదే. నీకు అదే చెప్పాను, అమ్మకీ అదే చెప్పాను. రోజూ సాయంత్రం కంప్యూటర్ వైపు చూపించేది. నేను కొళాయి కట్టేసినట్టు చెయ్యి తిప్పేవాణ్ణి. మనింట్లో లిమిట్‌కి సైగ అదే కదా. నమ్మేది పిచ్చితల్లి. కంపెనీ వాళ్ళని ఎడంచేత్తో తిట్టేది కూడా.

మొన్న బావ పాప వీడియో పంపాడు. ఆ సంబరంలో నాకు ఒళ్ళు తెలియలేదు. అమ్మని లాక్కొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. పాప కాళ్ళు తన్నడం, ఆవులించడం, అంతా తేటగా వచ్చింది, ఎక్కడా ఆగలేదు. అమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ తెరకేసి చూసింది, తర్వాత నాకేసి చూసింది. ఎడంచెయ్యి లేపి కొళాయి తిప్పింది. కొళాయి కట్టేశారన్నావే, ఏదీ, అని అడిగింది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ మొహం తిప్పేసుకుంటే ఇంక మనం ఏం చెప్పినా వినబడదు. క్షమించమని ఎటు నిలబడి అడగను దుర్గా? మంచం చుట్టూ తిరిగాను. కళ్ళు మూసుకుంది.

ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. నీ గొంతు వినగానే నోటికి అబద్ధమే వస్తోంది. అందుకే ఈ ఉత్తరం. నువ్వు కడుపునిండా తిన్నాకే చేతికివ్వమని బావకి చెప్పాను.

అసలు భయం ఇంకొకటుంది. అమ్మ ఎడంచేత్తో ఏదో చెబుతోంది. చెప్పిందే చెబుతోంది. నాకు తెలియడం లేదు. చిన్నప్పటినుంచీ అమ్మకీ మాకూ మధ్య నువ్వే ఉన్నావు, నాకు ఆ భాష సగమే వచ్చు. పెద్ద డాక్టరుగారిని అడిగితే, కొందరికి చెయ్యితోపాటు మాటలు కూడా చెరిగిపోతాయన్నారు. "ఈవిడకి మిగిలాయో లేదో నేను చెప్పలేను, ఆవిడ భాష బాగా వచ్చినవాళ్ళు చూసి చెప్పాలి," అన్నారు. కొళాయి సైగ చేసింది కాబట్టి ఉన్నాయని ఒకసారి అనుకుంటాను. మిగతా చేతి ఊపులు చూస్తే లేవేమో అనిపిస్తుంది. నువ్వు చూస్తే తెలిసిపోతుంది. నేను ఆపకుండా ఉంటే తొలకరికే తెలిసేది.

బావకి సెలవు కాబట్టి, ఈ ఉత్తరం అందాక వచ్చే శుక్రవారం సాయంత్రం వీడియో పెట్టు. నేను అమ్మని కూర్చోబెడతాను. పాపని ఒళ్ళో పెట్టుకో. ఏడుపొస్తే రానీ, ఆపుకోకు. ఆవిడ దగ్గర మొహం దాచడం మనవల్ల అయ్యే పని కాదు. చూశాక ఉన్నదున్నట్టు నాకు చెప్పు. మాటలు ఉంటే ఉన్నాయను, లేకపోతే లేవను.

ఒక్కటి గుర్తుపెట్టుకో. అమ్మ చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోతే, బొమ్మ ఆగిందనుకుని కట్ చేసి మళ్ళీ పెట్టకు. అలాగే చూస్తూ ఉండు. ఆగింది నెట్ కాదు తల్లీ, అమ్మే.

ఇట్లు,
నిన్నూ అమ్మనూ విడదీసిన మీ అన్నయ్య,
సూరన్న