వేలి కీలుకు రెండు బెజ్జాలు మంజూరు చేయుట గురించి

ఆరోగ్య పథకం జిల్లా అధికారి గారికి, ఏలూరు తంగెళ్లమూడి నివాసి షేక్ ఆరిఫ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా తల్లి, తివాచీ నేతపని చేయు జుబేదాకు కుడిచేతి చూపుడువేలి కీహోల్ ఆపరేషన్ నిరాకరించుటపై అభ్యంతరం.

1. సదరు వేలి నడిమి కీలు ఏడాదిగా వాచి ఉన్నది. రెండు చిన్న బెజ్జాలు పెట్టి, అగ్గిపుల్లంత సన్నని కెమెరా పంపి, లోపల వాచిన పొర తీసివేస్తే వేలు మళ్లీ వంగుతుందని ఎముకల డాక్టరు గారు వ్రాసి ఇచ్చిరి. "సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చండి" అన్నారు.

2. ఈ నెల 9న తమ కమిటీ ముందు హాజరైతిమి. ఒక సభ్యుడు ఫైలు కట్టే తాడు అందించి, "ఏదీ, ఓ ముడి వేయండమ్మా, చూద్దాం" అన్నారు. ముప్పై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి ముడి రాదంటుందా? చూపుడువేలు పక్కకు పెట్టి, నడిమివేలితో లాగి, పళ్లు బిగబట్టి వేసింది. "బాగానే ఉందిగా!" అని చప్పట్లు కొట్టి, "వేలు పనిచేయుచున్నది, ఆపరేషన్ అనవసరం" అని వ్రాసిరి. వరండాలోకి రాగానే ఆ చెయ్యి కొంగులో చుట్టుకుని కూలబడింది. "చూపించమ్మా" అని ముందుకు తోసినవాణ్ణి నేనే. ఆ తప్పు నాది. చప్పట్లు మీవాళ్లవి. తలుచుకుంటే అసహ్యం వేస్తోంది.

3. మర్నాడు తమ ఆఫీసుకు వస్తే గుమాస్తా గారు, "కీలు కదలకుండా బిగించేసే ఆపరేషన్ అయితే లిస్టులో ఉందండీ, రేపే ఇచ్చేస్తాం" అన్నారు. బాగున్నదని తామే వ్రాసిన వేలిని కట్టెగా బిగించుటకు మంజూరున్నది, వంచుటకు లేదు! వైద్యం ప్రజల హక్కని కరపత్రాల్లో చదివి వీధివీధికీ చెప్పినవాణ్ణి, ఆ కౌంటరు ముందు చేతులు కట్టుకుని "అలాగేనండీ, అడిగి చెబుతా" అని వచ్చేశాను. బిగిసిన వేలితో తివాచీ ముడి పడదండీ. అమ్మ మగ్గం దిగిపోవాల్సిందే.

4. ఇక్కడ ఈ పని తెలిసినది ఆ డాక్టరు గారొక్కరే. నెలాఖరుకు బదిలీపై పోవుచున్నారు.

కావున కమిటీ రాతను రద్దుచేసి, ఆ వేలిని తమరే స్వయంగా పట్టుకు చూసి, ఆయన వెళ్లేలోగా ఉత్తర్వు ఇప్పించుటకు చిత్తగించవలెను.

ఇంకా తమ విధేయుడనే,
షేక్ ఆరిఫ్

తా.క.: రోగి సంతకం కూడా ఉండాలన్నారు. కలం మూడుసార్లు జారిపోయింది. పోనీ వేలిముద్ర వేయమన్నాను. "నాకు చదువు రాదనుకున్నావట్రా?" అని తిట్టింది. కింద ఉన్న నీలి గీత ఆవిడదే సార్. అంతవరకే వచ్చింది.