పావు తిప్పుడు పనికిరాదు

రంగుల మిల్లు పంపు గది,
మెటియాబ్రుజ్, కలకత్తా, జూన్ 1993

ఇంజనీరు శారద గారికి,

పంపు గది యూనియన్ కార్యదర్శి గోవిందరాజు నమస్కారం పెట్టకుండా రాస్తున్న ఉత్తరం. మీతో మాటలు బంద్. ఇకమీదట అంతా రాతలోనే.

నది నీళ్ళు రంగు తొట్లకు వదలాలంటే మా బైరాగి, మల్లేశు, సూరన్న వంతులవారీగా చెమటోడ్చి పాత వాల్వు చక్రం తిప్పుతారు. మీరేమో పిడి పావు వంతు తిప్పితే చాలునని కొత్త వాల్వులు తెప్పించారు. మరి మిగిలిన ముప్పావు ఎవరి ఉద్యోగం? “ఏటి బావూ, మనల్ని ఇంటికి పంపీడానికా?” అని సూరన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కడి కొలువు పోయినా ఊరుకోం. ఇక్కడి బెంగాలీ వాళ్ళ మాటలో చెప్పాలంటే చోల్బే నా, సాగనివ్వం!

పోరాటంలో ఉన్న,
గోవిందరాజు

తా.క. కొత్త వాల్వుల పెట్టె మీద నేనే కూర్చున్నాను. దమ్ముంటే లేపండి.

*

గోవిందరాజు గారికి,

నేను మాత్రం నమస్కారం పెడుతున్నాను. ఎవరి ఉద్యోగమూ పోదు. ఈ వాల్వు లోపల చిల్లున్న ఉక్కు గుండు ఉంటుంది. పిడి పైపు వెంట ఉంటే ఆ చిల్లులోంచి నీళ్ళు పారతాయి, అడ్డంగా తిప్పితే గుండు అడ్డుపడి ఆగుతాయి. కానీ ఠక్కున మూస్తే నీళ్ళ దెబ్బకు పైపు పగలొచ్చు. మెల్లగా మూయడానికి ఒకరు, ఒత్తిడి ముల్లు చూడటానికి ఒకరు, తొట్ల దగ్గర ఒకరు ఉండాల్సిందే.

ఇంకో రెండు రకాలూ తెప్పించాను. మూడు మూతుల వాల్వు నీళ్ళను రెండు తొట్లలో ఏది కావాలంటే దానికి మళ్ళిస్తుంది. గుండు చిల్లును కోణంగా కోసిన వాల్వు నీళ్ళను కొద్దికొద్దిగా వదులుతుంది.

ఇట్లు,
శారద

తా.క. గుండుకు గీత పడితే వాల్వు కారుతుంది. కూర్చుంటే కూర్చున్నారు, కాస్త కదలకుండా కూర్చోండి.

*

శారద గారికి,

మీ ఉత్తరం సభలో చదివాం. కుట్ర అర్థమైంది. మూడు మూతుల వాల్వు మీద అభ్యంతరం లేదు. ఉన్న తొట్టి నుంచి లేని తొట్టికి మళ్ళించడం మా సిద్ధాంతమే. కొద్దికొద్దిగా వదిలేదాన్ని మాత్రం ఒప్పుకోం. మెల్లగా పనిచేయడం కార్మికుడి హక్కు, దాన్ని యంత్రానికి ఎలా ఇస్తారు?

ముగ్గురూ ఉండాలన్నవారు ముగ్గురి చేతిలోంచి చక్రం ఎందుకు లాక్కుంటున్నారు? చక్రం ఉంటేనే కొలువు ఉంటుంది. చక్రం పెట్టండి, లేదా పంపు గది బంద్!

తలవంచని,
గోవిందరాజు

తా.క. పెట్టె మీద కూర్చుని నడుము పట్టేసింది. ఆ బాధ్యతా యాజమాన్యానిదే.

*

గోవిందరాజు గారికి,

మీరే గెలిచారు. పిడి తీసేసి, గేరుపెట్టె తగిలించి, దానికి చేతిచక్రం పెట్టించాను. లోపల గుండు తిరిగేది అదే పావు వంతు. పైన చక్రం మాత్రం పాతదానికి రెట్టింపు చుట్లు తిప్పాలి. మూడు తొట్లకూ తొట్టికొకటి బిగించారు కాబట్టి ముగ్గురికీ తలా ఒక చక్రం.

ఓడిపోయిన,
శారద

తా.క. విజయోత్సవానికి నన్ను పిలవకండి. ఒళ్ళునొప్పుల మందు వాసన నాకు పడదు.

*

శారద గారికి,

నమస్కారం. మల్లేశుకు తెలుగు చదవడం రాదు కాబట్టి వాడి చేతే ధైర్యంగా ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఇదివరకు ఒకడు చక్రం తిప్పుతుంటే ఇద్దరు టీ తాగేవారు. ఇప్పుడు ఎవడి చక్రం వాడిదే. “నీకెవులు సెప్పినారు సక్రం అడగమని? సెయ్యి పడిపోతంది!” అని సూరన్న నా మీదికే వచ్చాడు. పొద్దుట్నుంచి ముగ్గురూ నన్ను పంపు గదిలో పెట్టి ఘెరావ్ చేస్తున్నారు. నేను నేర్పిన నినాదాలే, నాకంటే గట్టిగా అరుస్తున్నారు. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

వెంటనే చక్రాలు పీకించి పిడులు పెట్టించండి. ముగ్గురి కొలువుకూ హామీ రాసి సంతకం చేయండి. నేను తగ్గానని మాత్రం అనుకోకండి. “పిడి కోసం కార్మికులు చేసిన పోరాటానికి యాజమాన్యం దిగివచ్చింది” అని మీ చేత్తోనే నోటీసు అంటించాలి. అంతవరకు ఇక్కణ్ణుంచి అంగుళం కదలను.

ఎన్నటికీ లొంగని,
గోవిందరాజు

తా.క. వాళ్ళు కదలనివ్వడం లేదన్నది వేరే సంగతి. వెనక కిటికీలోంచి ఒక బిస్కెట్ల పొట్లం పడేయండి. యాజమాన్యం ఇచ్చిందని ఎవరికీ చెప్పకండి.